విపత్తు వేళ వీసా గడప: సహాయానికి వచ్చేవారిని ప్రభుత్వాలు ఎందుకు ఆపుతాయి?

సంక్షిప్తంగా: పెను విపత్తు తరువాత విదేశీ సహాయక సిబ్బందిని రానివ్వాలా వద్దా అన్నది అంతర్జాతీయ న్యాయం ప్రకారం బాధిత దేశమే తీసుకోవలసిన నిర్ణయం. ఆ నిర్ణయం వెనుక భద్రత, ప్రతిష్ఠ, గతంలోని చేదు అనుభవాలు, స్థానిక యంత్రాంగపు శక్తి వంటి కారణాలుంటాయి. వాటిలో కొన్ని సహేతుకమైనవే. అయితే గడచిన రెండు దశాబ్దాల అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే, స్పష్టంగా వద్దనడం వల్లనో షరతులు పెట్టడం వల్లనో జరిగిన నష్టం కంటే, ఏ సంగతీ తేల్చకుండా దరఖాస్తులను నాన్చడం వల్ల జరిగిన నష్టమే ఎక్కువగా కనిపిస్తుంది.

హైదరాబాద్ ప్రగతినగర్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రంలో, అంటే ఇన్‌కాయిస్‌లో, 2007 నుంచి సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం రాత్రింబగళ్లు పనిచేస్తోంది. హిందూ మహాసముద్ర గర్భంలో పెద్ద భూకంపం వస్తే నిమిషాల వ్యవధిలో ఇక్కడి నుంచి వెళ్లే సమాచారం మన తీరానికే కాక ఇతర తీరదేశాలకూ చేరుతుంది. నగరంలోనే బాలానగర్‌లో ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, 2025 మార్చి 28న మయన్మార్‌లో భూకంపం సంభవించిన తరువాత, కార్టోశాట్-3 ఉపగ్రహ చిత్రాల సాయంతో మాండలే, సగాయింగ్ నగరాల్లో కూలిన కట్టడాలను గుర్తించి చూపింది. ఈ సమాచారానికి ఏ సరిహద్దూ అడ్డు రాలేదు. అదే సమాచారాన్ని చేతబట్టుకుని శిథిలాల దగ్గరకు వెళ్లవలసిన మనిషికి మాత్రం పాస్‌పోర్టు కావాలి, వీసా కావాలి, చాలా దేశాల్లో రాజధాని దాటి కదలడానికి మరో అనుమతి కూడా కావాలి.

ఎక్కడ పెద్ద విపత్తు వచ్చినా కొద్ది రోజులకే ఫలానా దేశం విదేశీ వైద్యులను రానివ్వడం లేదనో, ఫలానా సంస్థ సిబ్బంది విమానాశ్రయంలో చిక్కుకుపోయారనో వార్తలు వస్తాయి. వాటిని చదివేవారికి రెండు రకాల సందేహాలు కలుగుతాయి. జనం చనిపోతుంటే సాయానికి వచ్చేవారిని ఆపడమేమిటన్నది మొదటిది. ఇంత కల్లోలంలో ఎవరు పడితే వారు దేశంలోకి వస్తే ఎలా అన్నది రెండోది. రెండు సందేహాలూ న్యాయమైనవే కావడం వల్ల ఈ విషయం తరచూ ఆవేశాల మధ్య నలిగిపోతుంది. అసలు అనుమతులు ఎక్కడెక్కడ, ఎలా ఆగుతాయో చూస్తే కొంత స్పష్టత వస్తుంది.

వీసా తరువాత మరెన్నో గడపలు

నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్ పుణ్యమా అని, వీసా అంటే ఇంటర్వ్యూ, స్టాంపింగ్, ఆ తరువాత విమానం అన్న వరుస హైదరాబాద్‌లో చాలా ఇళ్లకు తెలుసు. విపత్తు ప్రాంతానికి వెళ్లేవారి వరుస ఇంతకంటే పొడవైనది. చాలా దేశాల వీసా చట్టాల్లో పర్యాటకం, వ్యాపారం, చదువు, ఉద్యోగం అన్న తరగతులే తప్ప విపత్తు సహాయం అన్న తరగతి ఉండదు. అందువల్ల నీటి శుద్ధి యంత్రాన్ని నడపడానికి వచ్చే ఇంజనీరు ఏ తరగతి కిందకు వస్తాడో కింది స్థాయి అధికారికి తెలియదు. తెలియని చోట అతడు చేయగలిగిన సురక్షితమైన పని ఒక్కటే: ఫైలును పై అధికారికి పంపడం. పై అధికారి హోంశాఖను అడుగుతాడు, హోంశాఖ భద్రతా సంస్థలను అడుగుతుంది. ఎవరూ కాదనకుండానే వారం గడిచిపోతుంది.

వీసా చేతికొచ్చాక కూడా పని పూర్తి కాదు. ఘర్షణలున్న ప్రాంతాలకో, సరిహద్దు జిల్లాలకో వెళ్లడానికి ప్రత్యేక ప్రయాణ అనుమతి తీసుకోవాలి. వైద్యులైతే స్థానిక వైద్య మండలి దగ్గర తాత్కాలికంగా నమోదు కావాలి. సంస్థ ఆ దేశంలో రిజిస్టరు కాకపోతే బ్యాంకు ఖాతా తెరవలేదు, వాహనం కొనలేదు. ఉపగ్రహ ఫోన్లు, మందులు, గాలింపు కుక్కలు కస్టమ్స్ దగ్గర వేర్వేరు నిబంధనల కిందకు వస్తాయి. చివరగా గడువు పొడిగింపు ఉంటుంది. నెల రోజుల వీసాపై వచ్చినవాడు పని చేతికందే సమయానికి వెనక్కి వెళ్లి మళ్లీ దరఖాస్తు చేసుకోవలసి వస్తుంది. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె బిగుసుకున్నా ఫలితం వీసా నిరాకరించినట్లే ఉంటుంది. అయితే బయటకు మాత్రం ప్రభుత్వం ఎవరినీ నిరాకరించినట్లు కనబడదు.

మయన్మార్, 2008: మూడు వారాల నిరీక్షణ

ఈ విషయమై ఎప్పుడు చర్చ వచ్చినా నర్గీస్ తుపాను దగ్గరకే వెళ్లవలసి వస్తుంది. 2008 మే 2న అది ఇరావడి డెల్టా మీద తీరం దాటింది. తుపాను రాబోతున్నదని భారత వాతావరణ శాఖ మయన్మార్‌ను ముందే హెచ్చరించింది. దివిసీమను 1977 నవంబరు 19న ముంచెత్తిన ఉప్పెన గురించి పెద్దల నోట విన్న తెలుగువారికి ఆ దృశ్యం వేరే చెప్పనక్కరలేదు: పల్లపు డెల్టా భూమి, సముద్రం లోపలికి తోసుకొచ్చిన నీరు, ఎక్కి నిలబడడానికి మెరక లేని ఊళ్లు. మయన్మార్‌లో చనిపోయినవారు, ఆచూకీ దొరకనివారు కలిసి దాదాపు 1,38,000 మంది. ఆ దెబ్బ 24 లక్షల మంది బతుకుల మీద పడింది.

అప్పటి సైనిక ప్రభుత్వానికి అదే నెలలో మరో పని ఉంది. కొత్త రాజ్యాంగంపై ప్రజాభిప్రాయ సేకరణను మే 10న జరపాలని ముందే నిర్ణయించింది. తుపాను బాధిత ప్రాంతాల్లో మే 24కు వాయిదా వేసి, మిగతా చోట్ల అనుకున్న రోజునే జరిపింది. అంతకు ముందు ఏడాది బౌద్ధ భిక్షువుల నిరసనలను అణచివేసినప్పటి చిత్రాలు ప్రపంచమంతా చూసింది. అటువంటి సమయంలో కెమెరాలు, ఉపగ్రహ ఫోన్లు ఉన్న వందలాది విదేశీయులు డెల్టా పల్లెల్లో తిరగడం పాలకులకు ఇష్టం లేదు. సామగ్రి పంపండి, మనుషులు వద్దు అన్నది వారి వైఖరి. విదేశీ గాలింపు బృందాలను, విలేకరులను స్వీకరించే స్థితిలో లేమని మే 9న బాహాటంగానే ప్రకటించారు. అంతకు ముందు ఖతార్ నుంచి సామగ్రితో పాటు సహాయక సిబ్బందిని, విలేకరులను తెచ్చిన విమానాన్ని వెనక్కి పంపారు. ప్రపంచ ఆహార కార్యక్రమం పంపిన బిస్కెట్లను యాంగోన్ విమానాశ్రయంలో స్వాధీనం చేసుకోవడంతో ఆ సంస్థ కొద్దిసేపు తన విమానాలనే ఆపేసింది.

మయన్మార్ వీసాల కోసం ఎదురుచూస్తూ బ్యాంకాక్‌లో ఆగిపోయిన నిపుణుల పరిస్థితి దీనికంటే అయోమయంగా ఉండేది. వారికి కాదన్న జవాబు రాలేదు, అవునన్న జవాబూ రాలేదు. కాదని తెలిసి ఉంటే సంస్థలు యాంగోన్‌లో అప్పటికే ఉన్న స్థానిక సిబ్బందికి బాధ్యతలు అప్పగించి, వారికి కావలసిన డబ్బు, శిక్షణ పంపే ఏర్పాట్లలో పడేవి. అనుమతి రేపో మాపో వస్తుందన్న ఆశ ఆ మళ్లింపును కూడా ఆలస్యం చేసింది. నిరాకరణకూ నాన్చుడుకూ మధ్య ఉన్న ఈ తేడాపై అప్పటి చర్చల్లో తగినంత శ్రద్ధ పెట్టలేదు.

ఈలోగా బయట ఒత్తిడి పెరిగింది. పౌరులను కాపాడే బాధ్యత అన్న సూత్రాన్ని ఉపయోగించి అనుమతి లేకుండానైనా సాయం చేర్చాలని ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి బెర్నార్ కూష్నర్ సూచించారు. అమెరికా, ఫ్రాన్స్ యుద్ధనౌకలు సామగ్రితో తీరానికి దగ్గరలో లంగరు వేశాయి. ఆ నౌకలను చూసిన సైనిక పాలకులకు దండయాత్ర భయం పెరిగిందే తప్ప తగ్గలేదు. ఆ సూత్రం సామూహిక హత్యాకాండ వంటి నేరాలకే గాని ప్రకృతి విపత్తులకు వర్తించదని చైనా సహా పలు దేశాలు అడ్డు చెప్పాయి. భారత్ మాత్రం నౌకాదళ ఓడల్లో సామగ్రి పంపి, మాట పెద్దది చేయకుండా వైద్య బృందానికి అనుమతి సంపాదించింది. పొరుగు దేశాలైన భారత్, చైనా, థాయిలాండ్, బంగ్లాదేశ్‌ల బృందాలను అనుమతించిన ప్రభుత్వం పాశ్చాత్య దేశాల వారిని ఆపిందంటే, అభ్యంతరం విదేశీయుల మీద కాదని, ఏ దేశపు విదేశీయులన్న దాని మీదనని స్పష్టమవుతుంది.

చివరకు మే 23న ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ నేపిడా వెళ్లి సైనిక పాలకుడు తాన్ ష్వేను కలిశాక, ఏ దేశస్థులైనా సహాయక సిబ్బందిని రానిస్తామన్న హామీ లభించింది. ఆ హామీని పనిలోకి తెచ్చింది మాత్రం ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్. ప్రభుత్వం, ఆసియాన్, ఐరాస ప్రతినిధులతో ఏర్పడిన త్రైపాక్షిక బృందం వీసాలు, ప్రయాణ అనుమతులు ఎక్కడ ఆగాయో ఎప్పటికప్పుడు ఒక బల్ల దగ్గర కూర్చుని పరిష్కరించసాగింది. ఆసియాన్ ఆ పని చేయగలగడానికి ఒక కారణముంది. మయన్మార్ దానిలో సభ్యదేశం. ఆ కూటమి ద్వారా వచ్చేవారు తమను గద్దె దించడానికి రారన్న నమ్మకం సైనికాధికారులకు ఉంది.

ఈ కథలో తరచూ మరుగున పడే భాగం ఒకటుంది. మొదటి వారాల్లో డెల్టాకు బియ్యం, మందులు చేర్చింది ప్రధానంగా స్థానిక భిక్షువులు, వ్యాపారులు, విద్యార్థులు. విదేశీయులపై మొదలైన అనుమానం త్వరలోనే వారి మీదకూ పాకింది. సహాయాన్ని సమీకరించి, ప్రభుత్వ తీరును విమర్శించిన ప్రముఖ హాస్యనటుడు జర్గనార్‌ను జూన్‌లో అరెస్టు చేసి, నవంబరు నాటికి మొత్తం 59 ఏళ్ల జైలు శిక్ష వేశారు. తరువాత ఆ శిక్షను తగ్గించి 2011లో విడుదల చేశారు. వీసా ఆంక్షలను కేవలం సరిహద్దు వ్యవహారంగా చూస్తే ఈ కొనసాగింపు కనబడదు.

చట్టం ఎంతవరకు చెబుతుంది

1991 డిసెంబరులో ఐరాస సర్వప్రతినిధి సభ ఆమోదించిన 46/182 తీర్మానం నేటికీ ఈ రంగానికి పునాది. బాధిత దేశ సార్వభౌమత్వాన్ని పూర్తిగా గౌరవించాలని, ఆ దేశ సమ్మతితో, సూత్రప్రాయంగా ఆ దేశం చేసిన విజ్ఞప్తి మేరకే సాయం అందాలని అది చెబుతుంది. అదే తీర్మానం తన ప్రజల బాగోగులు చూసే తొలి బాధ్యత ఆ దేశానిదేనని కూడా అంటుంది. హక్కు, బాధ్యత రెండూ ఒకే పత్రంలో ఉన్నాయి గాని బాధ్యత నెరవేర్చనప్పుడు హక్కు ఏమవుతుందో అందులో లేదు.

2007 నవంబరులో అంతర్జాతీయ రెడ్‌క్రాస్, రెడ్ క్రెసెంట్ మహాసభ ఆమోదించిన మార్గదర్శకాలు కొంత ముందుకు వెళ్లాయి. సహాయక సిబ్బందికి వీసాలు, పని అనుమతులు మినహాయించడమో త్వరగా ఇవ్వడమో చేయాలని, వైద్యుల వంటివారి అర్హతలను తాత్కాలికంగా గుర్తించాలని అవి సూచించాయి. వచ్చేవారు స్థానిక చట్టాలకు లోబడి, స్థానిక యంత్రాంగంతో కలిసి పనిచేయాలన్న షరతూ పెట్టాయి. ఇవి కేవలం సూచనలు. ఆరు నెలలకే వచ్చిన నర్గీస్ వేళ వాటి బలం ఎంతో తేలిపోయింది. 2016లో ఐరాస అంతర్జాతీయ న్యాయ సంఘం రూపొందించిన ముసాయిదా అధికరణాలు, సమ్మతిని నిష్కారణంగా నిరాకరించరాదన్న మాటను చేర్చాయి. ఏది నిష్కారణమో తేల్చే న్యాయస్థానం మాత్రం లేదు.

ఆంక్షలకు ఉన్న కారణాలు

ప్రభుత్వాల భయాలన్నీ కల్పితాలు కావు. 2010 జనవరి 12 భూకంపం తరువాత హైతీలో ప్రభుత్వ యంత్రాంగమే కుప్పకూలింది. ఎవరు వస్తున్నారో, ఏమి చేస్తున్నారో చూసేవారు లేరు. అర్హత లేనివారు శస్త్రచికిత్సలకు పూనుకున్నారన్న ఆరోపణలు వచ్చాయి. 33 మంది పిల్లలను సరైన పత్రాలు లేకుండా సరిహద్దు దాటించబోతూ 10 మంది అమెరికన్లు పట్టుబడ్డారు. వారు అనాథలని చెప్పిన ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులున్నారు. అదే ఏడాది అక్టోబరులో మొదలైన కలరా సుమారు 10,000 మందిని బలిగొంది. అది ఐరాస శాంతి పరిరక్షకుల శిబిరం నుంచి నదిలోకి చేరిందని శాస్త్రీయ పరిశోధనలు తేల్చాయి. తమ పాత్రకు ఐరాస ప్రధాన కార్యదర్శి 2016లో క్షమాపణ చెప్పారు. వచ్చినవారు సహాయక సంస్థల మనుషులు కాకపోయినా, తనిఖీ లేని రాకపోకల మూల్యం ఏమిటో హైతీ ప్రజలకు తెలిసొచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో విదేశీ వైద్య బృందాలకు తరగతులు, కనీస ప్రమాణాలు నిర్దేశించడానికి ప్రేరణ ఈ అనుభవమే.

గూఢచర్యం భయం మరో రకం. 2011లో అబోటాబాద్‌లో బిన్ లాడెన్ జాడ కోసం అమెరికా గూఢచార సంస్థ టీకా కార్యక్రమాన్ని ముసుగుగా వాడుకున్న సంగతి బయటపడ్డాక, పాకిస్థాన్ విదేశీ సహాయ సంస్థల వీసాలను ఏటికేడు బిగించింది. 2018లో 18 అంతర్జాతీయ సంస్థలను వెళ్లిపొమ్మంది. టీకా కార్యక్రమాలను ముసుగుగా వాడబోమని అమెరికా 2014లో ప్రకటించినా అప్పటికే పోయిన నమ్మకం తిరిగి రాలేదు. ఒకరు చేసిన దుర్వినియోగానికి, దానితో ఏ సంబంధమూ లేని నర్సులు, టీకాలు వేసే కార్యకర్తలు మూల్యం చెల్లించారు.

ఇవి కాక మామూలు సామర్థ్యపు చిక్కులుంటాయి. 2015 ఏప్రిల్ 25 భూకంపం తరువాత నేపాల్‌కు ఉన్న ఏకైక అంతర్జాతీయ విమానాశ్రయంలో ఒక్కటే రన్‌వే. అది దెబ్బతినడంతో భారీ విమానాలను నిలిపివేయవలసి వచ్చింది. దిగడానికి చోటు లేక విమానాలు గాలిలో చక్కర్లు కొట్టాయి. ఇలాంటప్పుడు తక్కువ ఉపయోగపడే బృందాన్ని ఆపితేనే ఎక్కువ ఉపయోగపడే ఆసుపత్రి సామగ్రి దిగుతుంది.

కాదనడం వేరు, తేల్చకపోవడం వేరు

2004 డిసెంబరు సునామీ తరువాత భారత్ తన తీరంలో సహాయ కార్యక్రమాలకు విదేశీ ప్రభుత్వాల సాయాన్ని వద్దంది. నికోబార్ దీవుల్లోకి విదేశీ సంస్థల సిబ్బందిని అనుమతించలేదు. రక్షణ స్థావరాలు, ఆదిమ తెగల పరిరక్షణ చట్టం ఇందుకు కారణాలు. ఆ నిర్ణయంపై విమర్శలున్నాయి. అయినా అది కొద్ది రోజుల్లోనే స్పష్టంగా వెలువడింది. దాంతో అంతర్జాతీయ సంస్థలు తమ బలగాన్ని శ్రీలంక, ఇండొనేసియాల వైపు మళ్లించుకోగలిగాయి. భారత నౌకాదళమే శ్రీలంక, మాల్దీవులు, ఇండొనేసియాలకు ఓడలు పంపింది.

ఇండొనేసియా ఉదాహరణ ఇంకా ఆసక్తికరమైనది. అప్పటికి వేర్పాటువాద పోరుతో అత్యవసర పరిస్థితిలో ఉన్న ఆచే రాష్ట్రంలోకి విదేశీయులకు ప్రవేశమే లేదు. సునామీ వచ్చిన రెండు రోజులకు ప్రభుత్వం తలుపులు తెరిచింది. తరువాత ప్రధాన పట్టణాలు దాటి వెళ్లేవారు నమోదు కావాలంది, విదేశీ సైన్యాలు మూడు నెలల్లో వెళ్లిపోవాలంది. షరతులు ఇష్టం లేనివారికి కూడా అవి ఏమిటో తెలుసు. 2005 ఆగస్టు 15న వేర్పాటువాదులతో శాంతి ఒప్పందం కుదరడానికి ఆ తెరవడం ఎంతో కొంత దారి వేసింది. పదమూడేళ్ల తరువాత, 2018 సెప్టెంబరులో సులవేసి దీవిలోని పాలూ నగరాన్ని భూకంపం, సునామీ దెబ్బతీసినప్పుడు అదే దేశం మరో పద్ధతి అనుసరించింది. విదేశీ సంస్థలు నేరుగా రాకూడదు, స్థానిక భాగస్వాముల ద్వారానే పనిచేయాలి, వచ్చేసిన విదేశీ సిబ్బందిని వెనక్కి పిలుచుకోవాలి అన్నది. నిబంధన కఠినమైనదే గాని అందులో స్థానిక సంస్థల చేతికి నిర్ణయాధికారం వచ్చే వీలుంది.

మొరాకో 2023 సెప్టెంబరు భూకంపం తరువాత స్పెయిన్, బ్రిటన్, ఖతార్, యూఏఈల బృందాలను మాత్రమే తీసుకుంది. సిద్ధంగా ఉన్న ఫ్రాన్స్‌ను పిలవలేదు. సమన్వయం కుదరక పనులు దెబ్బతినకూడదనే తక్కువ మందిని పిలిచామని అధికారులు చెప్పారు. ఫ్రాన్స్‌తో అప్పటికే ఉన్న పొరపొచ్చాలు అందరికీ తెలిసినవే. అట్లాస్ కొండల్లో చెల్లాచెదురుగా ఉన్న పల్లెలకు నాలుగు దేశాల బృందాలు చాలతాయా అన్న ప్రశ్న మిగిలింది.

దీనికి భిన్నంగా, 2023 మే 14న మోచా తుపాను మయన్మార్‌లోని రఖైన్ తీరాన్ని తాకినప్పుడు పాత కథే మళ్లీ నడిచింది. సంస్థలు దేశంలోనే ఉన్నాయి, వీసాలూ ఉన్నాయి. ప్రయాణ అనుమతులు రాలేదు. జూన్‌లో వచ్చిన కాసిని అనుమతులనూ రద్దు చేశారు. ముస్లిం మైనారిటీలైన రోహింగ్యాల శిబిరాలు ఉన్న చోటు అది. 2025 భూకంపం తరువాత సైనిక ప్రభుత్వం తనంతట తానే అంతర్జాతీయ సాయం కోరింది. భారత్ ఆపరేషన్ బ్రహ్మ కింద జాతీయ విపత్తు ప్రతిస్పందన దళమైన ఎన్‌డీఆర్‌ఎఫ్ బృందాన్ని, సైన్యపు క్షేత్ర ఆసుపత్రిని పంపింది. తైవాన్ బృందానికి మాత్రం పిలుపు రాలేదు.

గంటల లెక్క, వారాల లెక్క

వీసా ఆలస్యం అనగానే శిథిలాల కింద ఊపిరి బిగబట్టినవారే మనసులో మెదులుతారు. నిజానికి వారిని కాపాడేది ఎక్కువగా ఇరుగుపొరుగువారే. నేపాల్ భూకంపంలో దాదాపు 9,000 మంది మరణించగా, విదేశీ గాలింపు బృందాలన్నీ కలిసి ప్రాణాలతో వెలికితీసినవారు 16 మంది. వారిలో 11 మందిని కాపాడింది దగ్గరలోనే ఉండి, అదే రోజు చేరుకున్న భారత ఎన్‌డీఆర్‌ఎఫ్. ఖండాలు దాటి వచ్చే బృందానికి వీసా గంటలో ఇచ్చినా చాలాసార్లు అది ఆలస్యమే.

అసలు నష్టం తరువాతి వారాల్లో జరుగుతుంది. ఉప్పునీరు కలిసిన చెరువుల్ని శుభ్రం చేయడం, పిల్లల్లో అతిసారం వ్యాపించకుండా చూడడం, తెగిన కాళ్లకు రెండో శస్త్రచికిత్స, విత్తనాలు తడిసిపోయిన రైతుకు నాట్ల సమయానికి విత్తనం చేర్చడం వంటి పనులకు గంటల్లో తేడా రాదు గాని వారాల్లో తప్పక వస్తుంది. ఇరావడి డెల్టాలో వానాకాలపు వరినాట్లు తుపాను వచ్చిన కొద్ది వారాలకే మొదలవుతాయి. ఎన్ని దుక్కిటెద్దులు పోయాయి, ఎన్ని పొలాల్లో ఉప్పు చేరింది అన్న లెక్క వేయవలసిన నిపుణుల్లో చాలామంది ఆ సమయంలో బయటే ఉన్నారు. పూర్తిస్థాయి ఉమ్మడి అంచనా నివేదిక జులైలో గాని రాలేదు. అందులో తేలిన నష్టం సుమారు 400 కోట్ల డాలర్లు. లెక్క ఆలస్యమైతే డబ్బు ఆలస్యమవుతుంది, డబ్బు ఆలస్యమైతే ఒక పంట పోతుంది. ఆ మరుసటి ఏడాది అప్పులు ఏ తుపాను మృతుల జాబితాలోనూ కనబడవు.

పంపే భారత్, అడగని భారత్

2016 నాటి జాతీయ విపత్తు నిర్వహణ ప్రణాళిక ప్రకారం, విపత్తు వేళ భారత్ విదేశీ సాయం కోసం విజ్ఞప్తి చేయదు. మరో దేశ ప్రభుత్వం సౌహార్దంతో తనంతట తాను ముందుకొస్తే కేంద్రం స్వీకరించవచ్చు. 2018 ఆగస్టులో కేరళ వరదలప్పుడు యూఏఈ సహా కొన్ని దేశాల సాయాన్ని కేంద్రం సున్నితంగా తిరస్కరించింది. ప్రవాస భారతీయుల విరాళాలను మాత్రం స్వాగతించింది. 2001లో భుజ్ భూకంపం వేళ విదేశీ బృందాలు వచ్చాయి. 2021లో కోవిడ్ రెండో ఉద్ధృతిలో అనేక దేశాల నుంచి ఆక్సిజన్ పరికరాలను తీసుకున్నారు. విధానం ఒక్కటే అయినా అక్కర తీవ్రతను బట్టి దాన్ని వాడే తీరు మారుతోంది.

పంపే దేశంగా భారత్‌కు ఎదురైన చిక్కులు వేరు. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపానికి బయలుదేరిన ఎన్‌డీఆర్‌ఎఫ్ సిబ్బందిలో చాలామందికి పాస్‌పోర్టులే లేవు. రాత్రికి రాత్రి వాటిని తయారు చేసి ఇవ్వవలసి వచ్చింది. తుర్కియే వారికి అక్కడికి చేరాక వీసాలు ఇచ్చింది. ప్రభుత్వానికీ ప్రభుత్వానికీ మధ్య మాట కుదిరితే గొలుసంతా ఎంత త్వరగా వదులవుతుందో ఇది చూపుతుంది. స్వచ్ఛంద సంస్థలకు ఆ వెసులుబాటు ఉండదు.

తెలుగువారికి ఇది దూరపు విషయం కాదు. రేపు గోదావరి లంకల్లోనో ఖమ్మంలోనో వరద వస్తే, అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగు వైద్యుడు సొంత ఊరికి వచ్చి వైద్యశిబిరం పెట్టాలనుకోవచ్చు. చట్టం దృష్టిలో అతడు విదేశీయుడే. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉంటే ప్రవేశానికి ఇబ్బంది లేదు. చికిత్స చేయడానికి మాత్రం ఇక్కడి వైద్య మండలి నమోదు కావాలి. స్వచ్ఛంద సంస్థలో గౌరవ సేవకు వచ్చే ఇతర విదేశీయులకు ప్రత్యేక ఆమోదంతో కూడిన ఉద్యోగ వీసా మార్గం ఉంది. అది అత్యవసర వేగంతో నడిచే మార్గం కాదు. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన వలస, విదేశీయుల చట్టం పాత చట్టాలు నాలుగింటి స్థానంలో వచ్చింది.

డబ్బు దారి కూడా దీనికి ముడిపడి ఉంది. మనుషులు వద్దు, స్థానికుల ద్వారా చేయండి అన్నప్పుడు విదేశీ సంస్థ డబ్బు పంపాలి. 2020 సవరణ తరువాత విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నిధులు అందుకున్న సంస్థ వాటిని మరో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. హైదరాబాద్‌లోని పెద్ద సంస్థ అందుకున్న విరాళాన్ని లంక గ్రామంలోని చిన్న మహిళా సంఘానికి అందించలేదు. తన మనుషులనే పంపి ఖర్చు చేయాలి. ఇండొనేసియా పద్ధతిలో స్థానిక భాగస్వామ్యం ఆంక్షకు ప్రత్యామ్నాయం. ఇక్కడ వీసా, నిధుల ఆంక్షలు రెండూ కలిసి ఆ ప్రత్యామ్నాయాన్ని ఇరుకు చేస్తున్నాయి. నిధుల పర్యవేక్షణ ప్రభుత్వ బాధ్యత అనడంలో సందేహం లేదు. విపత్తు ప్రకటించిన జిల్లాలకు పరిమిత కాలం పాటు, లెక్కలు అప్పగించే షరతుతో, ఈ నిబంధనను సడలించే అవకాశాన్ని పరిశీలించడం అవసరం.

ముందున్నది

2016 ముసాయిదా అధికరణాల ఆధారంగా కట్టుబడదగిన ఒప్పందాన్ని 2027 చివరికల్లా రూపొందించాలని ఐరాస సర్వప్రతినిధి సభ 2024 డిసెంబరులో నిర్ణయించింది. సమ్మతి అక్కరలేదని ఏ ఒప్పందమూ అనబోదు. భారత్ సహా సభ్యదేశాల్లో అత్యధికం దానికి ఒప్పుకోవు. ఒప్పించగలిగింది ఇంకా చిన్నది, ఇంకా ఉపయోగకరమైనది: విపత్తు రాకముందే ప్రమాణాలు చూసి నమోదు చేసిన బృందాల జాబితా, వారికంటూ ఒక వీసా తరగతి, దరఖాస్తుకు అవునో కాదో చెప్పడానికి గడువు, కాదంటే ఒక్క వాక్యంలోనైనా కారణం. ఆసియాన్ దేశాలు 2009లో అమల్లోకి తెచ్చుకున్న విపత్తు ఒప్పందంలో సిబ్బంది రాకపోకలకు కొన్ని వెసులుబాట్లు ఇప్పటికే ఉన్నాయి. దక్షిణాసియాలో సార్క్ దేశాలు 2011లో ఇటువంటి ఒప్పందంపైనే సంతకాలు చేశాయి గాని 2014 తరువాత ఆ కూటమి శిఖరాగ్ర సమావేశమే జరగలేదు.

వీటిలో గడువు అంశమే చర్చల్లో ఎక్కువ పట్టుదలకు కారణమయ్యేలా ఉంది. గడువులోగా జవాబు రాకపోతే దాన్ని అనుమతిగా భావించాలా, నిరాకరణగా భావించాలా అన్నది తేల్చుకోవాలి. అనుమతి అంటే ప్రభుత్వాలు ఒప్పుకోవడం కష్టం. నిరాకరణ అని రాసుకున్నా, బ్యాంకాక్ వంటి నగరాల్లో పెట్టెలు సర్దుకుని కూర్చున్న వైద్యులు మరో చోటికి వెళ్లగలుగుతారు, వారి సంస్థలు లోపలున్న స్థానిక నర్సులకు మందులు పంపే పని ఆ రోజే మొదలుపెట్టగలుగుతాయి.